స్నానాల బండి చైన్లు

మా ఆయనకు స్నానమంటే ప్రాణం. మాట వరసకు అంటున్నది కాదు. పక్షవాతం వచ్చి పడకన పడ్డాక ఆయన ముఖంలో వెలుగు కనిపించేది వారానికి ఒక్కసారే, గురువారం మధ్యాహ్నం, మెడ దాకా వేడినీళ్లలో ఉన్నప్పుడు. మిగతా రోజుల్లో నేనెంత వాగినా, ఎంత బతిమాలినా, పైకప్పు దూలాలు చూస్తూ పడుకుంటాడు.

ఆ స్నానం కింది ఊరి నుంచి బండిలో వస్తుంది. బండిలోనే నీళ్ల ట్యాంకు, బాయిలరు, రెండు ముక్కలుగా విడదీసిన తొట్టి ఉంటాయి. ముగ్గురు ఆడపిల్లలు దిగుతారు, వాళ్లలో ఒకామె నర్సు. చాపల గదిలో నీలం పట్టా పరిచి, తొట్టి ముక్కలు బిగించి, వరండా మీదుగా గొట్టం లాగి, నేను టీ కాచేలోగా మా పడక గదిని స్నానాల గది చేసేస్తారు. మా ఆయన జింపాచిని వల ఉయ్యాలలో ఎత్తి నీళ్లలోకి దించుతారు. అప్పుడాయన గొంతులోంచి "ఆఁ..." అని ఒక మూలుగు వస్తుంది. ఆ మూలుగు కోసం నేను వారమంతా ఎదురుచూస్తాను.

బండి నడిపేది మిజుహో. చూడ్డానికి పిడికెడంత ఉంటుంది. మా కొండల పిల్ల కూడా కాదు, సముద్రం పక్క ఊళ్లో పుట్టింది. అక్కడ మంచు పడితే జనం చూడ్డానికి బయటికి పరుగెత్తుతారట. మా నీగతా కొండల్లో పారలు పట్టుకుని పరుగెత్తుతాం. మొదటిసారి ఆమెను చూసినప్పుడు నా మనసులో మాట దాచుకోలేదు.

"ఈ బొమ్మా మా ఆయన్ని ఎత్తేది?" అని నర్సును అడిగాను.

నర్సు నోరు తెరిచేలోగా ఆ పిల్లే అందుకుంది. "మనిషిని ఎత్తడానికి నడుం గట్టిగా ఉండాలి బామ్మా, ఎత్తు లేకపోయినా పర్లేదు."

నాకు మనుషులు అంత త్వరగా నచ్చరు. ఆ పిల్ల ఆ పూటే నచ్చింది.

మా ఊరు నెజావాకు ఒకటే దారి. కింది ఊరి నుంచి మలుపులు తిరుగుతూ కొండెక్కాలి. కిందటి చలికాలం ఆ బండి మా ఇంటి నుంచి తిరిగి వెళుతూ, పైనుంచి మూడో మలుపులో జారి పక్క కాలువలోకి ఒరిగింది. నర్సుకు భుజం దగ్గర ఎముక విరిగింది. మంచు తోసే బండి వచ్చి లాగేదాకా ముగ్గురూ అందులోనే వణుకుతూ కూర్చున్నారు. అందుకని ఈ ఏడు చలి మొదలవుతుండగానే వాళ్ల మేనేజరు ఇగరాషి ఒక గురువారం బండితో పాటు స్వయంగా మా ఇంటికి వచ్చాడు. టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని, దాంట్లోకే చూస్తూ మొదలుపెట్టాడు.

"కియోనో గారూ, మంచు కురిసే నెలల్లో మా బండి ఇక పైకి రాదండీ. వసంతంలో మళ్లీ మొదలుపెడదాం."

"అప్పటిదాకా మా ఆయన్ని ఏం చెయ్యమంటారు? ముల్లంగితో పాటు ఊరబెట్టమంటారా?"

"కింద వృద్ధుల కేంద్రంలో మంచం ఖాళీగా ఉంది. మంచు కరిగేదాకా అక్కడ ఉంచితే..."

ఆ కేంద్రం సంగతి నాకు తెలుసు. కిందటేడు బండి జారాక జింపాచిని అక్కడే ఉంచాం. అక్కడివాళ్లు మంచివాళ్లే, శుభ్రంగానే చూసుకున్నారు. కానీ ఆయన అన్నం ముట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకుని, వసంతానికి ఎముకల గూడై ఇంటికొచ్చాడు. ఇంకో చలికాలం అక్కడ గడిపితే ఆయన తిరిగి రాడు. ఆ మాట ఇగరాషితో చెప్పాను. ఆయన తల ఇంకా కిందికి దించాడు. చెడ్డవాడేం కాదు పాపం. ఆ ముగ్గురు పిల్లల ప్రాణాలకు ఆయనే పూచీ. ఒకరి స్నానం కోసం ముగ్గురిని లోయలో పారెయ్యమని నేను మాత్రం ఎలా అడగను?

వరండాలో గొట్టం చుట్టుకుంటున్న మిజుహో అక్కణ్నుంచే పలికింది. "మేనేజరు గారూ, చక్రాలకు సరైన చైన్లు వేసుకుంటే?"

"మంచు టైర్లున్నాయి కదమ్మా. వాటితోనే జారాం."

"అందుకేనండీ చైన్లు అంటున్నది. ఏవి కావాలో నేను వెతుకుతాను. మొదటి పెద్ద మంచు పడ్డాక వచ్చే గురువారం మీరు నా పక్కన కూర్చోండి. ఎక్కుదాం, దిగుదాం. బండి జానెడు జారినా మీ మాటే నా మాట. మళ్లీ నోరెత్తను."

ఇగరాషి టీ కప్పు కింద పెట్టాడు. "ఒక్కసారి," అన్నాడు చివరికి. "ఒక్కటంటే ఒక్కసారి."

ఈ సంగతి ఊళ్లో పొక్కడానికి ఎంతోసేపు పట్టలేదు. పక్కింటి కుమజో మా గుమ్మంలో మంచు బూట్లు కూడా విప్పకుండా నిలబడి నవ్వడం మొదలుపెట్టాడు.

"చైన్లా వదినా! మంచులో పుట్టినవాళ్లం మనం చైన్లు తొడుక్కుంటామా? టోక్యో నుంచి స్కీయింగుకని వచ్చే బాబులు తొడుక్కుంటారు అవి. నా బండి చూడు, నాలుగు చక్రాలూ లాగుతాయి, మంచు టైర్లు కొత్తవి. కళ్లు మూసుకుని దిగుతా."

"నువ్వు కళ్లు తెరుచుకున్నా ఎక్కడికి పోతున్నావో నీకు తెలీదు. మూసుకుంటే కొత్తగా పోయేదేముంది?" అన్నాను.

కానీ కుమజో ఒక్కడి మాట కాదది. మా వాళ్లందరికీ ఇదొక పిచ్చి. బండికి చైన్లు వేస్తే పక్కవాడు చూసి నవ్వుతాడని భయం. మోకాలి లోతు మంచులో కూడా మంచు టైర్లతోనే పోతారు, కాలువలో పడితే "రాత్రి నిద్ర లేదు" అని చెప్పుకుంటారు, టైరును మాత్రం ఒక్క మాట అననివ్వరు.

మరుసటి ఆదివారం మిజుహో సెలవు రోజు మానుకుని మా ఊరొచ్చింది. ఇల్లిల్లూ తిరిగింది. ఏ చైన్లు మంచివని అడిగి ఉంటే తలా ఒక ఉపన్యాసం ఇచ్చేవాళ్లు, సాయంత్రానికి పిల్లకు తలనొప్పి వచ్చేది. ఆ మాటే ఎత్తలేదు. "మీరెక్కడ జారారు?" అని అడిగింది.

"జారడమా? నేనా?" అని ప్రతి ఇంట్లో మొదట మీసం మెలేశారు. ఆ పిల్ల వాదించలేదు. దుప్పటి కప్పిన వేడి బల్ల కింద కాళ్లు పెట్టుకుని, పెట్టిన ఊరగాయ తింటూ, రెండో కప్పు టీ దాకా కూర్చుంది. మూడో కప్పుకి నిజాలు బయటికొచ్చాయి. ఒకాయన ముప్పై ఏళ్లుగా భార్యకు కూడా చెప్పని సంగతి చెప్పాడు, ఆవిడ పక్కనే కూర్చుని వింది. అందరూ జారింది ఆ మూడో మలుపులోనే. "ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?" అని మిజుహో మళ్లీ అడిగింది. ఆ ముక్క అంతకుముందు ఎవరూ ఎవరినీ అడగలేదు. అందరూ దిగేటప్పుడే.

తర్వాత ఆ దారంతా నడిచి దిగి, నడిచే ఎక్కి మా ఇంటికొచ్చింది. చెవులు ఎర్రగా కందిపోయాయి.

"బామ్మా, కష్టం ఎక్కడంలో లేదు. వచ్చేటప్పుడు ట్యాంకు నిండా నీళ్లుంటాయి. ఆ బరువుకి వెనక చక్రాలు నేలను కరుచుకుంటాయి. తాతయ్య స్నానం అయ్యాక ట్యాంకు ఖాళీ. దిగేటప్పుడు వెనకంతా తేలిక."

"అంటే తప్పు మా ఆయనదంటావు. నీళ్లన్నీ ఆయనే ఒంటి మీద పోయించుకున్నాడని."

"అవును. కేసు పెడదామా?" అని నవ్వి, వెంటనే నవ్వు ఆపేసింది. "ఎక్కడానికి కాదు బామ్మా, దిగడానికి పనికొచ్చే చైన్లు కావాలి."

కింది ఊళ్లో బండి సామాన్ల దుకాణానికి నేనూ వెళ్లాను. నా మొగుడి చలికాలం ఆ దుకాణంలో తేలబోతుంటే ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాలేదు. దుకాణదారు మూడు రకాలు తెచ్చి నేల మీద పరిచాడు. ఒకటి నిచ్చెన రకం, పాతకాలం నుంచీ ఉన్నది, టైరుకు అడ్డంగా మెట్లు మెట్లుగా ఉండే ఇనప గొలుసు. రెండోది తాబేలు డిప్ప మీది గళ్లలా అల్లిన ఇనప గొలుసు. మూడోది రబ్బరు వల. పక్కన టైరుకు తొడిగే గుడ్డ సంచి కూడా ఒకటి పెట్టాడు. అది నా మేజోడు లాగే ఉందని చెప్పి నేనే పక్కకు తీసేశాను.

మిజుహో ముందుగా ఒక గిన్నెడు చన్నీళ్లు అడిగింది. దుకాణదారు తాగడానికేమో అనుకుని టీ తెచ్చాడు. ఆ పిల్ల నీళ్లే తెప్పించుకుని, తన చేతి తొడుగులు ముంచి, తడివే వేసుకుని నేల మీద బోర్లా పడుకుంది.

"ఏం చేస్తున్నావమ్మా?" అన్నాడాయన బిత్తరపోయి.

"రోడ్డు మీద ఇలాగే కదండీ ఉంటుంది. పొడి చేతులతో, నిలబడి, దీపం కింద ఎవరైనా తొడుగుతారు."

అక్కడున్న పాత టైరుకు ఒక్కో రకం తొడిగింది, విప్పింది, మళ్లీ తొడిగింది. నిచ్చెన రకం అన్నిటికన్నా తేలిగ్గా తగులుకుంది. బాగానే ఉందనుకున్నాను. అప్పుడా పిల్ల దుకాణదారుతో "మీరు టైరును పట్టుకోండి, నేను గొలుసును పక్కకి లాగుతాను" అంది. లాగితే మెట్లన్నీ టైరు మీద నుంచి పక్కకి జరిగిపోయాయి.

"ముందుకీ వెనక్కీ దీనికి పట్టు బాగానే ఉంది. పక్కకి లేదు," అంది. "మూడో మలుపులో మనం జారేది పక్కకే."

తాబేలు రకం బరువు, తొడగడం కష్టం, కానీ ఎటు లాగినా కదల్లేదు. రబ్బరు వలా కదల్లేదు, పైగా తేలిక. వాటిలో ఏదో ఒకటి తీసుకోవాలి. రెండూ తొడిగి విప్పీ, తొడిగి విప్పీ, ఆ పిల్ల చేతి వేళ్లు నీలంగా అయ్యాయి. నేను పెళ్లి కిమోనో బట్ట కూడా అంత ఓపిగ్గా ఎంచుకోలేదు. మొగుణ్నయితే అసలు ఎంచుకోనే లేదు, ఆ పని మా నాన్న చేశాడు. ఎవరి మొగుడి కోసమో ఈ పిల్ల తడి నేల మీద పడుకుని ఇనప గొలుసుతో కుస్తీ పడుతుంటే నా శాలువా తీసి ఆ వీపు మీద కప్పాను. చివరికి దుకాణదారుకే మనసు కరిగింది. "రెండూ ఒక్కో జత పట్టుకుపో తల్లీ. వాడనిది తిరిగి తెచ్చివ్వు," అన్నాడు.

ఆ గురువారానికి ఇంకా పెద్ద మంచు పడలేదు. మిజుహో తాబేలు చైనును శుభ్రంగా తుడిచి లోపలికి తెచ్చి మా ఆయన దుప్పటి మీద పెట్టింది.

ఎందుకంటే జింపాచి బతుకంతా ఆ దారిలో ఊరి బస్సు నడిపినవాడు. ఆయనకు మాట పోయింది కానీ తెలివి పోలేదు. ఎడం చెయ్యి కదులుతుంది. ఆ చేత్తో చైను పట్టుకుని, కడియం కడియం వేళ్లతో తడుముతూ పోయాడు. ఆయన కళ్లు అంతగా మెరవడం నేను స్నానంలో తప్ప చూడలేదు.

"తాతయ్యా, బాగుందా?" అంది మిజుహో. ఆయన ఒకసారి కళ్లు మూసి తెరిచాడు. అది మా ఇంట్లో 'అవును'. "ఈ జత చాలంటారా?"

ఆయన పెదాలు కదిలాయి. మెడ నరాలు ఉబ్బాయి. చాలాసేపు పెనుగులాడాక ఒక్క మాట బయటికొచ్చింది.

"షి."

మా భాషలో షి అంటే చావు. పక్షవాతం వచ్చాక ఆయన నోట నేను విన్న మొదటి మాట అది.

మిజుహోను వంటింట్లోకి లాక్కుపోయాను. "విన్నావుగా? మళ్లీ ఆ కేంద్రానికి పంపేకంటే చచ్చిపోతానంటున్నాడు."

"అలా ఎందుకనుకోవాలి బామ్మా," అంది గానీ ఆ పిల్ల ముఖం కూడా పాలిపోయింది.

"ఇంకేం అనుకోను? నీ చైన్ల మీద కూడా ఆయనకు నమ్మకం లేదు. చాలునా అని అడిగితే చావు అన్నాడు."

వాళ్లు వెళ్లిపోయాక ముల్లంగి తొట్టి దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆయన ముందు ఏడవలేదు. ఆ తర్వాత ఆయన రెండుమూడుసార్లు మళ్లీ ఆ మాట అనబోయాడు. ప్రతిసారీ నేను గబగబా ఏదో ఒకటి వాగి ఆయన నోటికి అడ్డం పడ్డాను.

పెద్ద మంచు పడనే పడింది. తడి మంచు, బరువైనది, కింద అప్పటికే గడ్డకట్టిన పొర. గురువారం మధ్యాహ్నం వెనక చక్రాలకు తాబేలు చైన్లతో బండి గలగలమంటూ పైకొచ్చింది. ఎక్కడా తడబడలేదట. అయినా ఇగరాషి దిగి "ఇంకా దిగడం ఉంది కదా" అని గొణిగాడు. మా వేడి బల్ల దగ్గర కూర్చుని ఊరగాయ ముక్క నోట్లో పెట్టుకున్నాడు గానీ నమలడం మర్చిపోయాడు.

తొట్టి నిండింది. ముగ్గురూ వల ఉయ్యాల చుట్టూ వంగారు. వాళ్లెప్పుడూ ఒక లెక్క పెట్టుకుని ఎత్తుతారు. "ఇచీ, నీ, సాన్!" ఒకటి, రెండు, మూడు అని. మూడు అనగానే "యొయ్‌షో!" అని అందరూ ఒక్క గొంతుతో అరిచి లేపేస్తారు. ఆ అరుపులో ఇంకేం వినపడదు. ఆ రోజు మాత్రం "సాన్" అనగానే మూడో పిల్ల కాలు నీలం పట్టా మీద జారింది. ఎవరూ ఎత్తలేదు, ఎవరూ అరవలేదు. గది నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో మా ఆయన గొంతు వినపడింది.

"షి."

నేను చేతిలో తువ్వాలు జారవిడిచాను. మిజుహో మాత్రం వంగినది వంగినట్టే ఉండి ఆయన ముఖంలోకి చూసింది.

"తాతయ్యా, ఇంకోసారి. ఇచీ, నీ, సాన్..."

"షి," అన్నాడాయన, ఈసారి స్పష్టంగా.

"బామ్మా!" ఆ పిల్ల కేక పెట్టింది. "చావు కాదు! నాలుగు! తాతయ్య నాలుగు అంటున్నాడు!"

మా భాషలో చావుకీ నాలుగుకీ ఒకటే మాట. అందుకే నాలుగును విడిగా చెప్పాల్సి వస్తే 'యోన్' అంటాం. షి అనే మాట ఒంటరిగా వినపడితే ఎవరికైనా చావే తోస్తుంది. వరసగా లెక్కపెట్టేటప్పుడు మాత్రం షి అనే వస్తుంది. మాట పోయినవాళ్లకు చిన్నప్పుడు బట్టీపట్టిన వరసలు ఒక్కోసారి మిగిలి ఉంటాయని నర్సు తర్వాత చెప్పింది. ఆయనకు కావలసిన అంకె దొరకాలంటే లోపల్లోపల ఒకటి నుంచి మొదలుపెట్టి అక్కడిదాకా నడిచి రావాలి. అంత దూరం నడిచి వచ్చి చెప్పిన మాటకు నేను చావు అని అర్థం చెప్పుకున్నాను.

"ఆ రోజు మీరన్నది చైన్ల గురించేనా?" అంది మిజుహో. "ఒక జత చాలదు, నాలుగు చక్రాలకీ వెయ్యాలనేనా?"

మా ఆయన కళ్లు మూసి తెరిచాడు. మళ్లీ మూసి తెరిచాడు. మూసి తెరుస్తూనే ఉన్నాడు.

నాకు ముందు కోపం వచ్చింది. "నాలుగు అనడానికి ఇన్నాళ్లు పట్టిందా ముసలోడా! నా ప్రాణం తోడేశావు కదా!" అని అరిచి, అక్కడే కూలబడి భోరుమన్నాను. ఇగరాషి ఊరగాయ మింగేసి నాకు తన రుమాలు ఇచ్చాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. బస్సు నడిపే రోజుల్లో చలికాలమంతా ఆయన ఒంటి ముందు వైపంతా తడిసి ముద్దై ఇంటికొచ్చేవాడు. ఊరి చివర, దారిన పోయేవాళ్లను కాచే దేవుడు జిజో రాతి విగ్రహం దగ్గర బస్సాపి, కొండ దిగే ముందు మంచులో పడుకుని ఏదో చేసేవాడని తెలుసు. బట్టలు ఉతకలేక తిట్టేదాన్ని. ఏం చేస్తున్నావని ఒక్కనాడూ అడగలేదు.

ఆ రోజు స్నానంలో ఆయన "ఆఁ..." అన్నది వీధి దాకా వినపడి ఉంటుంది.

స్నానం అయ్యాక మిజుహో బయటికెళ్లి, దుకాణానికి తిరిగివ్వాల్సిన రబ్బరు వలలు తీసి, ముందు చక్రాలకు తొడగడానికి మంచులో బోర్లా పడుకుంది. ఇగరాషి ఆ పిల్ల తల మీద గొడుగు పట్టి నిలబడ్డాడు.

"చైన్లు లాగే చక్రాలకే కదమ్మా వెయ్యాలి? ఈ బండికి లాగేవి వెనకవి."

"లాగడానికి అవే చాలండీ. దిగేటప్పుడు లాగేదేముంది? బండిని తిప్పేవి ముందు చక్రాలు. అవి జారితే వెనకవి ఎంత పట్టుకున్నా మనం పోయేది కాలువలోకే. నాకిది ముందే తట్టాల్సింది."

కుమజో తన చిన్న ట్రక్కు తీసి సిద్ధంగా ఉన్నాడు, వేడుక చూడ్డానికి. "వెనక కాళ్లకి ఇనప బూట్లు, ముందు కాళ్లకి రబ్బరు చెప్పులు! ఈ ముస్తాబు పెళ్లికా, పొలానికా?" అని పడీపడీ నవ్వాడు. "నేను ముందు వెళ్లి దారి చూపిస్తా, నా వెనకే రండి పిల్లలూ!"

కుమజో వాళ్లావిడను మా ఆయన దగ్గర కూర్చోబెట్టి నేనూ బండి ఎక్కాను. ఎవరైనా వద్దంటే ఏమనాలో ఆలోచించి పెట్టుకున్నాను గానీ ఎవరూ వద్దనలేదు.

మొదటి మలుపు మెల్లగా దాటాం. రెండోది దాటాం. చక్రాల కింద ముందు నుంచి ఒక రకం చప్పుడు, వెనక నుంచి ఇంకో రకం. ఇగరాషి ముందు సీట్లో డ్యాష్‌బోర్డును రెండు చేతులతో పట్టుకున్నాడు. నర్సు విరిగి అతికిన భుజాన్ని పట్టుకుని కళ్లు మూసుకుంది. మిజుహో మాత్రం పిల్లాణ్ని నిద్రపుచ్చుతున్నంత నెమ్మదిగా స్టీరింగు తిప్పుతోంది. ముందు కుమజో ట్రక్కు తోక ఊపుకుంటూ పోతోంది.

మూడో మలుపులోకి కుమజో తన మామూలు వేగంతోనే దిగాడు. బ్రేకు దీపాలు ఎర్రగా వెలిగాయి. చక్రాలు ఆగాయి గానీ ట్రక్కు ఆగలేదు. ఒక గిరికీ తిరిగి దారికి అడ్డంగా నిలబడిపోయింది, సరిగ్గా మా ఎదురుగా. కిటికీలోంచి కుమజో ముఖం కనిపించింది, నోరు తెరిచి ఉంది. మాకు కుడి వైపు కాలువ, ఎడం వైపు లోయ.

"అమ్మాయ్!" అన్నాడు ఇగరాషి.

మిజుహో ఉలిక్కిపడలేదు. బ్రేకును ఒక్కసారిగా తొక్కలేదు. కొంచెం నొక్కింది, ఇంకొంచెం నొక్కింది. బండి ముక్కు ఎటు తిప్పితే అటే ఉంది, పక్కకి జారలేదు. వెనక ఇనుము కరకరమని గడ్డను కొరికింది. కుమజో ముఖం దగ్గరవుతోంది, పెద్దదవుతోంది, అతని ముక్కు కింద చెమట కూడా కనిపించింది. అప్పుడు బండి ఆగింది. మధ్యలో ఒక మనిషి పడుకునేంత జాగా మిగిలింది.

అద్దం తుడిచే వైపర్ల చప్పుడొకటే వినపడింది. ఆ పిల్ల మెడ వెనక జుట్టు చెమటకు అంటుకుపోయి ఉంది. ఎంత భయపడిందో నాకప్పుడు తెలిసింది. అంత భయాన్ని లోపల పెట్టుకుని, దాన్ని కాలి దాకా రానివ్వకుండా బ్రేకు నొక్కింది. వెనక నుంచి చెయ్యి చాపి ఆ తల నిమిరాను. ఆ పిడికెడు మనిషిని చూస్తే నాకు దణ్ణం పెట్టాలనిపించింది.

ఇగరాషి ముఖం తుడుచుకోవడానికి జేబులు వెతుక్కున్నాడు. రుమాలు నా దగ్గరుంది. చివరికి చేత్తోనే తుడుచుకుని, గొంతు సవరించుకుని అడిగాడు. "వచ్చే గురువారం జింపాచి గారి స్నానం ఎన్ని గంటలకమ్మా?"

"ఎప్పటిలాగే మధ్యాహ్నం అండీ," అంది మిజుహో.

మంచు తోసే బండి వచ్చి ట్రక్కును పక్కకి లాగాక, నన్ను దింపడానికి మా బండి మళ్లీ కొండెక్కింది. కుమజో కూడా మా బండిలోనే వచ్చాడు. ఊరి చివర జిజో దగ్గరికి వచ్చాక మెల్లగా అడిగాడు. "ఆ రబ్బరు చెప్పులు... నా ట్రక్కు సైజువి కూడా ఉంటాయా?"

"పెళ్లికా, పొలానికా?" అన్నాను.

ఇంట్లోకి వచ్చి మా ఆయన పక్కన కూర్చున్నాను. వేడినీళ్ల ఎరుపు ఇంకా బుగ్గల మీద ఉంది. బండి జారలేదని, చలికాలమంతా వస్తుందని, ఆయన ఎక్కడికీ వెళ్లక్కర్లేదని చెప్పాను. ఆయన నా వైపే చూస్తూ విన్నాడు, దూలాల వైపు చూడలేదు. ఎన్ని చక్రాలకు వేశామో కూడా చెప్పబోయి ఆగాను. ఆయన చెయ్యి పట్టుకుని, "ఇచీ, నీ, సాన్..." అన్నాను.

ఆ మాట కోసం ఈసారి చెవి దగ్గర పెట్టి ఎదురుచూశాను.

ఇప్పుడు ఆ బండి వెళ్లే ఇళ్లన్నిటిలో మనిషిని మూడు మీద ఎత్తుతారు. మా ఇంట్లో మాత్రం ముగ్గురు పిల్లలూ మూడు దాకా చెప్పి ఆగుతారు. నాలుగు మా ఆయన చెప్పాలి. ఆయన చెప్పాకే లేపుతారు.